పేరులేని వారి సభ

మద్యపానమువలన గలుగు కీడులనుగూర్చి నేను నేడు ప్రసంగింపబోను. వానిని ఎఱుగనివారు మనలో లేరు. త్రాగువానికిని అవి తెలియును. మనకంటె వానికే యెక్కువగా తెలియును. నా విషయము వేఱు. త్రాగుడు మానవలెనని నిశ్చయించుకొనినవాడు మఱునాటి యుదయమున ఎక్కడికి పోవలెను? ఎవరి తలుపు తట్టవలెను? ఈ చిన్నప్రశ్నకు సమాధానము కనుగొనుటకు లోకమునకు చాలకాలము పట్టినది. అది దొరకిన విధమే నేను చెప్పదలచిన చరిత్ర.

మహాభారతమున, ఆదిపర్వమునందు, శుక్రాచార్యుని కథ కలదు. రాక్షసులు కచుని చంపి, కాల్చి, ఆ బూడిదను సురలో కలిపి గురువునకే యిచ్చిరి. శుక్రుడు త్రాగెను. పిమ్మట నిజమెఱిగి పరితపించి, నాటినుండి సురాపానము మహాపాతకమని కట్టడి చేసెను. ఈ కథను పిల్లలకు పాఠము చెప్పునపుడెల్ల నాకొక యంశము తోచుచుండెడిది. ఆ కట్టడి చేసినవాడు సురను ఎన్నడును ముట్టని ముని కాడు; దానిచేత మోసపోయినవాడు. అనుభవించినవాని మాటకు గల బలము వట్టి యుపదేశకుని మాటకు లేదు. ఆ బలమును గుర్తించి దానిమీదనే యొక సంస్థను నిలిపిన యత్నములు రెండు అమెరికా దేశమున జరిగినవి. ఒకటి నశించెను, రెండవది నిలిచెను.

మొదటిది 1840లో బాల్టిమోరు నగరమున పుట్టినది. ఆఱుగురు మిత్రులు ఒక పానశాలలో కూర్చుండి త్రాగుచు, ఊరిలో జరుగుచున్న మద్యనిషేధోపన్యాసమును గూర్చి ముచ్చటించుకొనిరి. పరిహాసముగా మొదలైన ముచ్చట ప్రతిజ్ఞతో ముగిసెను. తమ దేశపు తొలి అధ్యక్షుని పేర వారు తమ సమాజమునకు వాషింగ్టను సంఘమని పేరిడుకొనిరి. ఆ సంఘపు సభలందు పండితోపన్యాసములు లేవు. ఒక్కొక్కడు లేచి తన కథ తాను చెప్పుకొనుటయు, వచ్చుచు మఱియొక త్రాగుబోతును వెంటబెట్టుకొని వచ్చుటయు వారి పద్ధతి. కొలదియేండ్లలో లక్షలకొలది జనులు ప్రతిజ్ఞపత్రములపై చేవ్రాళ్లు చేసిరి. 1842 ఫిబ్రవరి 22వ తేదీన స్ప్రింగుఫీల్డు నగరమున ఆ సంఘమువారి యెదుట ప్రసంగించినవాడు అబ్రహాము లింకను. అప్పటికాయన వయస్సు 33 ఏండ్లు. త్రాగువానిని నిందించి దూరము చేయుటకంటె, వానికి మనము మిత్రులమని మొదట నమ్మకము కలిగింపవలెనని ఆయన ప్రసంగ సారము.

ఇంతటి సంఘము పదియేండ్లయినను నిండకమునుపే క్షీణించెను. ఏలయన, వేదికల నెక్కువారిలో త్రాగుడు వదలినవారు తగ్గి, త్రాగుడెఱుగని వక్తలు హెచ్చిరి. శాసనములు కావలెనా వలదా యను వాదములు, రాజకీయములు, ఇతర సంస్కరణములు, మతకలహములు సభలో ప్రవేశించినవి. ఒకే పనికై పుట్టిన సంఘము పలుపనులు నెత్తికెత్తుకొని తన పనిని మఱచెను. ఈ పాఠమును మనము గుర్తుంచుకొనవలెను. ముందు దీనితో పని యున్నది.

తరువాత ఆ దేశము శాసనమును నమ్ముకొనెను. 1920 జనవరినుండి 1933 డిసెంబరు వఱకు దేశమంతట మద్యనిషేధము. అంగళ్లు మూతపడినవి, దొంగసారా ప్రవహించినది. నిషేధము తొలగిన రెండేండ్లలోపుగనే, ఏ శాసనముతోను సంబంధము లేకుండ, రెండవ యత్నమునకు అంకురము పడినది.

విలియం విల్సను అనునతడు న్యూయార్కులో కంపెనీల వాటాల వ్యాపారమున నుండెను. తెలివిగలవాడు. త్రాగుడుచేత ధనమును, పరువును, ఆరోగ్యమును పోగొట్టుకొనెను. 1934 నవంబరులో అతని యింటికి ఒక పాత త్రాగుడు మిత్రుడు వచ్చెను. విల్సను గ్లాసు నింపి యందీయగా, ఆ మిత్రుడు వలదనెను. ఆక్స్‌ఫర్డ్ గ్రూపు అను మతబృందమువలన తాను మానగలిగితినని చెప్పెను. ఎందఱు వైద్యులు, బంధువులు చెప్పినను చెవి కెక్కని మాట, తనతో త్రాగినవాడు చెప్పినందున విల్సను మనస్సున నాటుకొనెను. ఆ డిసెంబరులో న్యూయార్కునందలి టౌన్సు ఆసుపత్రిలో చేరిన తరువాత అతడు మఱల మద్యము ముట్టలేదు.

కొత్తగా మేలుపొందినవాని యుత్సాహము మీకు తెలియనిది కాదు. అతడు కొన్ని నెలలపాటు కనబడిన త్రాగుబోతునకెల్ల బోధచేసెను. ఒక్కడును మానలేదు. నిరాశ చెందిన విల్సనుతో ఆ ఆసుపత్రి వైద్యుడు డాక్టరు సిల్కువర్తు ఒక హితవు చెప్పెను: బోధ కట్టిపెట్టుము, ఈ వ్యసనము శరీరమును మనస్సును ఎట్లు పట్టుకొనునో ఆ రోగలక్షణమునే మొదట చెప్పుము. విల్సను భార్య లోయిసు మఱియొక సంగతి గమనించెను: ఎవరును మానకపోయినను, ఆ ప్రయత్నములో నున్నంతకాలము విల్సను త్రాగలేదు గదా! ఈ రెండు మాటలును త్వరలోనే పరీక్షకు నిలిచినవి.

1935 మే నెలలో విల్సను ఒక వ్యాపారపు తగవు పనిమీద ఒహాయో రాష్ట్రమందలి ఏక్రన్ పట్టణమునకు పోయెను. పని చెడెను. తోడివారు వెళ్లిపోయిరి. శనివారము సాయంకాలము మేఫ్లవరు హోటలు వసారాలో ఒంటరిగా పచార్లు చేయుచుండెను. చేతిలో ధనము స్వల్పము. ఒకకొనను పానశాల, అందుండి నవ్వులు, మాటలు వినవచ్చుచున్నవి. మఱియొక కొనను టెలిఫోను. దాని చెంత ఊరి చర్చీల పట్టిక. అటు పోయినచో ఏమగునో అతనికి బాగుగా తెలియును. ఇటు పోయినచో ఏమి అడుగవలెనో తెలియదు. తుదకు టెలిఫోను వైపే నడచెను.

శ్రోతలారా! ఆ క్షణమున అతడు వెదకినది వైద్యుని గాదు, మతగురువును గాదు. తనవంటి మఱియొక త్రాగుబోతును వెదకెను. ఆ రెండవవానిని ఉద్ధరించుటకు గాదు, ఆ రాత్రి తాను త్రాగకుండ నుండుటకు! పట్టికలో కనబడిన వాల్టరు టంక్సు అను మతగురువును పిలిచి, నేనొక త్రాగుబోతును, మఱియొక త్రాగుబోతుతో మాటలాడవలసియున్నదని చెప్పెను. ఆయన కొన్ని పేరులు చెప్పెను. ఒకరి తరువాత నొకరిని పిలువగా, తుదకు హెన్రియెట్టా సీబర్లింగు అను గృహిణి దొరకెను. ఆమె ఒక పెద్ద టైర్ల కర్మాగార స్థాపకుని కోడలు. త్రాగుడువలన చెడుచున్న యొక వైద్యుని ఆమె యెఱుగును; అతనికొక దారి దొరకవలెనని ప్రార్థించుచుండెను.

ఆ వైద్యుడు డాక్టరు రాబర్టు స్మిత్తు. 55 ఏండ్లవాడు, శస్త్రచికిత్సకుడు. మఱునాడు ఆదివారము సాయంకాలము అయిదు గంటలకు హెన్రియెట్టా ఇంటికి, భార్య బలవంతముమీద, పదునైదు నిమిషములే కూర్చుందునను షరతుమీద వచ్చెను. రాత్రి పదునొకండు దాటినదాక లేవలేదు. విల్సను అతనికి నీతులు చెప్పలేదు. తన కథ చెప్పెను. మద్యమునుగూర్చి గ్రంథములవలన తెలిసికొనినవారితో స్మిత్తు అంతకుముందు చాలసారులు మాటలాడియున్నాడు. తన భాషలో తనతో మాటలాడినవాడు ఇతడే మొదటివాడు. కొలది దినములకు స్మిత్తు ఒక వైద్యుల సమావేశమునకు పోయి అక్కడ మఱల త్రాగి వచ్చెను. విల్సను అతనిని విడువలేదు. ఆ జూను 10వ తేదీని స్మిత్తు కడపటి పానదినముగను, ఆ సంఘపు జన్మదినముగను నేటికిని లెక్కించుచున్నారు. ఇద్దఱును కలిసి మూడవవానిని వెదకికొని ఆసుపత్రికే పోయిరి. మంచమునకు కట్టుబడియున్న యొక న్యాయవాది దొరకెను. అతడు జూలై 4వ తేదీన ఆసుపత్రి విడిచి, మఱల త్రాగనివాడయ్యెను. ముగ్గురైరి, సభ ఏర్పడెను.

ఇక్కడ నొక చిక్కు గలదు. ఈ సంఘమువారు తమ పేరులు వెల్లడించుకొనరు. త్రాగుబోతని ముద్రపడినచో కొలువు పోవును, పరువు పోవును. మఱల త్రాగినచో సంఘమునకే అప్రతిష్ఠ. అందుచేత 1939లో తమ పుస్తకమును ప్రకటించినపుడు దానికి ‘ఆల్కహాలిక్స్ అనానిమస్’ అని, అనగా పేరు చెప్పుకొనని మద్యవ్యసనులని, పేరుపెట్టిరి; సంఘమునకును అదే పేరు నిలిచెను. పేరులేని మనుష్యుల సభను వెదకువాడు ఎట్లు కనుగొనవలెను? మనిషి మఱుగుననుండవలెను, ద్వారము మాత్రము కనబడవలెను. ఈ రెండును పొసగించుటయే వారి తొలి పదియేండ్ల పని.

మొదట నోటిమాటయే దారి. ఏక్రన్‌లో ఒక మిత్రుని యింట బుధవారములందును, న్యూయార్కులో విల్సను ఇంట మంగళవారములందును సభలు జరిగెడివి. తెలిసినవాడు తెలియనివానిని చేయిపట్టి తీసికొనిపోవలెను. పుస్తకము వెలువడిన తరువాత, అది చదివినవారు న్యూయార్కులోని ఒక తపాలాపెట్టె చిరునామాకు ఉత్తరము వ్రాయుచువచ్చిరి. రూత్ హాక్ అను కార్యదర్శిని ఓపికతో ఒక్కొక్కరికి జవాబు వ్రాసెడిది. ఊరూర సరకులు అమ్ముకొనుచు తిరుగు సభ్యుల చేతికి, ఉత్తరము వ్రాసినవారి జాబితాలు ఇచ్చి పంపెడివారు. ఏ ఊరిలో సభ లేదో ఆ ఊరికి ఒక వర్తకుని సంచిలో సభ నడచిపోయినట్లయ్యెను.

ఆ పుస్తకపు వ్రాతప్రతి 1939లో కనెక్టికటు రాష్ట్రమున ఒక చికిత్సాలయములో నున్న మార్టీ మన్ అను యువతికి వైద్యుని ద్వారా చేరెను. త్రాగు స్త్రీని లోకము త్రాగు పురుషునికంటె నీచముగా చూచును. నాటి సభలందు స్త్రీలు మిక్కిలి అరుదు. అయినను ఆమె విల్సను ఇంటి సభకు పోయెను. చికిత్సాలయమునకు తిరిగివచ్చి, తాము ఒంటరివారము కామని తోడిరోగితో చెప్పెనట. 1944లో ఆమె తన పూర్వస్థితిని బహిరంగముగా ఒప్పుకొని, ఇది పాపము కాదు, రోగమని దేశమంతట బోధించు సంస్థను స్థాపించెను.

పిమ్మట వార్తాపత్రికలు వచ్చినవి. 1939 శరత్కాలమున క్లీవ్‌లండు నగరపు ‘ప్లెయిన్ డీలర్’ దినపత్రిక ఈ సంఘమునుగూర్చి వరుసగా వ్యాసములు ప్రకటించెను. వందలకొలది విన్నపములు వచ్చిపడినవి. అచ్చటి సభ్యులు చాల కొద్దిమంది. మానివేసి కొన్ని వారములే యైనవారిని గూడ కొత్తవారి యిండ్లకు పంపక తప్పలేదు. ఆశ్చర్యమేమనగా, ఆ పద్ధతియే పనిచేసెను. 1941 మార్చి 1వ తేదీన ‘సాటర్‌డే ఈవెనింగ్ పోస్ట్’ అను ప్రసిద్ధ పత్రికలో జాక్ అలెగ్జాండరు వ్రాసిన వ్యాసము వెలువడగా, సుమారు 2,000 గా నున్న సభ్యుల సంఖ్య ఆ యేడాది ముగియునప్పటికి 8,000 అయ్యెను.

సంఘము పెరిగినకొలది వాషింగ్టను సంఘపు గతి పట్టునేమో యను భయము కలిగెను. ధనమునుగూర్చిన పాఠము ముందే నేర్చిరి. 1938లో కోటీశ్వరుడగు రాకఫెల్లరు కొద్దిపాటి సాయముచేసి, అధికధనము ఈ పనిని చెఱచునని తలచి, పెద్దమొత్తము ఇయ్యలేదు. మొదట నిరాశపడినవారే పిమ్మట ఆ మాటను నియమముగా చేసికొనిరి. 1946లో ప్రకటింపబడి, 1950లో క్లీవ్‌లండు మహాసభలో అంగీకరింపబడిన వారి పండ్రెండు సంప్రదాయములలో ముఖ్యమైనవి ఇవి: త్రాగుడు మానవలెనను కోరికయే ప్రవేశమునకు చాలును, బయటివారి విరాళము పుచ్చుకొనరాదు, రాజకీయములందును, శాసనవివాదములందును ఏ పక్షమును వహింపరాదు, ఇంకను బాధపడుచున్న త్రాగుబోతునకు సందేశము అందించుటయే సంఘపు ఏకైక కార్యము. నూఱేండ్లక్రితము పుట్టిన సంఘము ఏ తప్పువలన నశించెనో, ఆ తప్పునకు తలుపు మూసిరి. స్మిత్తు 1950 నవంబరులోను, విల్సను 1971 జనవరిలోను గతించిరి, సభలు ఆగలేదు.

మన దేశమున 1957లో బొంబాయి నగరమున సభ ఏర్పడెను. నేటికిని భారతదేశపు ప్రధాన కార్యాలయము ఆ నగరముననే కలదు.

మన తెలుగునాట ఈ సమస్యకు చేసిన యత్నములు ఘనమైనవి. కాని అవి వేఱుదారిని నడచినవి. 1937 అక్టోబరు 1వ తేదీన రాజగోపాలాచారిగారి ప్రభుత్వము సేలము జిల్లాలో మద్యనిషేధము నారంభించి, 1938లో చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరింపజేసెను. 1992లో నెల్లూరుజిల్లా దూబగుంట గ్రామమున, రాత్రిబడులలో అక్షరములు దిద్దుకొనిన స్త్రీలు సారా దుకాణమును మూయించిరి. వయోజనవిద్యా వాచకములోని సీతమ్మకథ యను పాఠము ఆ చైతన్యమునకు దోహదమిచ్చెను. తెలుగుపండితుడనైన నాకు ఇంతకంటె గర్వకారణము లేదు: ఒక పాఠము ఊరి దుకాణమును మూయించినది! 1993 అక్టోబరు 1వ తేదీన రాష్ట్రమంతట సారా నిషేధింపబడెను. 1995 జనవరిలో సంపూర్ణ నిషేధము వచ్చెను. 1997లో అది సడలిపోయెను. ఆ తల్లుల పోరాటము త్రాగువాని చేతిలోని పాత్రను లాగివేసినది. అది అవసరమే. కాని పాత్రపోయిన చేతిని పట్టుకొనుటకు మఱియొక చేయి కావలెను. శాసనము దుకాణము మూయగలదు, సభను తెఱువజాలదు.

నేను ఉద్యోగవిరమణ చేసిన కొలదికాలమునకు మా వీధి తల్లి యొకతె వచ్చి, “మేష్టారూ, మావాడు మానేస్తానంటున్నాడండీ. మానేసేవాళ్లను ఎక్కడికి తీసుకెళ్లాలండీ?” అని యడిగెను. అతడు నాకడ చదివినవాడే. గుడులు, మ్రొక్కులు, తాయెత్తులు, ఒట్లు అన్నియు ముగిసినవి. నేను విచారింపగా, పొరుగుపట్టణములో ఒక పాఠశాల గదియందు వారమున కొకసారి సభ జరుగునని తెలిసెను. ఎవరైనను రాదగిన బహిరంగసభ గనుక నేనును వెంటబోయితిని. ఇరువదిమంది కుర్చీలలో చుట్టును కూర్చుండిరి. అధికారి, బండితోలువాడు, తాపీమేస్త్రి, ఒకరికొకరు వరుసపేరులే. ఒకడు తన కథ చెప్పుచుండగా మావాడు తల వంచుకొని వినుచుండెను. అది వాని కథయే. మూడవవారము అతడు పోలేదు, మఱల త్రాగెను. అయిదవవారము తానే పోయెను. అచ్చట ఎవ్వరును ఎందుకు రాలేదని నిలదీయలేదట, కుర్చీ చూపిరట. అంతకుముందు ఏడ్పులు, తిట్లు, ఒట్లు సాధింపనిది ఆ కుర్చీ సాధించుచుండెను.

ఈ మార్గము అందఱికిని సరిపడునని నేను చెప్పజాలను. వారి పండ్రెండు మెట్లలో భగవంతుని ప్రసక్తి కలదు. ఎవరికి తోచిన దైవమును వారు తలచుకొనవచ్చునని చెప్పినను, కొందఱకు అది రుచింపదు. అట్టివారికి వైద్యులు, ఇతర సంఘములు కలవు. అయినను 2020లో 27 పరిశోధనలను, 10,565 మంది వృత్తాంతములను సమీక్షించిన పండితులు, పూర్తిగా మానియుండుట యను ఫలమునందు, ఈ సభలకు చేర్చు చికిత్స ఇతరపద్ధతులకంటె మెఱుగనియు, తక్కిన ఫలములందు వానికి తీసిపోదనియు తేల్చిరి.

ఇపుడు వెదకువారికి నాలుగు మాటలు. చాలకాలము అధికముగా త్రాగినవాడు హఠాత్తుగా మానినచో మూర్ఛలు, సన్నిపాతభ్రమలు కలిగి ప్రాణాపాయము రావచ్చును; కావున మొదట వైద్యుని చూడవలెను. ప్రభుత్వమువారి 14446 అను ఉచిత టెలిఫోను సంఖ్యకు పిలిచినచో దగ్గఱి చికిత్సాకేంద్రముల వివరము తెలియును. పెద్ద ఆసుపత్రుల మానసికవైద్యశాఖలవారికి తఱచుగా సభలు జరుగు స్థలములు తెలిసియుండును. సభకు రుసుము లేదు, ఇంటిపేరు అడుగరు. బహిరంగసభకు బంధువులును పోవచ్చును, ఆంతరంగికసభ మానదలచినవారికే. ఇంటివారి బాధకును సభ కలదు: లోయిసు విల్సను 1951లో తోడివారితో స్థాపించిన ‘అల్-అనాన్’ త్రాగువారి భార్యలకు, తల్లులకు, బిడ్డలకు ఉద్దేశింపబడినది. త్రాగువాడు మానినను మానకున్నను వారు దానికి పోవచ్చును.

ఒక్కసభలో మనస్సు కుదురకున్నచో మఱియొకదానిని చూడవలెను. విల్సను పిలిచిన తొలి టెలిఫోనులోనే స్మిత్తు దొరకలేదు గదా! ఆ పట్టికలో ఒక పేరుకడ నిలిచిపోయి అతడు వెనుదిరిగియున్నచో, ఆ రాత్రి పానశాలలో ఒకడు ఎక్కువగుటతప్ప చరిత్రలో మఱేమియు జరిగియుండెడిది కాదు. నేడు సుమారు 180 దేశములందు ఈ సభలు జరుగుచున్నవి. వానియందు కూర్చున్న ప్రతివాడును ఒకనాడు తలుపెక్కడనో తెలియక వెదకినవాడే. అందుచేతనే వెదకివచ్చినవానిని చూచి వారు ఆశ్చర్యపడరు. మీ యింట, మీ వీధిలో అట్టివాడుండి, నోరు తెఱచి అడిగినచో, అడిగినందుకు మందలింపక, తలుపెక్కడనో కనుగొని చెప్పుడు. వీలైనచో మొదటిసారి గడపదాక తోడుపొండు. లోపలనుండి చేయందించువారు లోపల నున్నారు.